సారమ్మకు పోటీగా నాలుగు ట్యూబులు

ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను మొహాలు అమ్ముతున్నాను. అంటే డబ్బాల మీద అచ్చువేసిన మొహాలు. కొనుక్కుపోయినవాళ్ళ మొహం మాత్రం ఎప్పుడూ వాళ్ళదే. ఈ ముక్క బేరం దగ్గర అనకూడదని మా యజమాని ఏటా ఒకసారి నాకు గుర్తుచేస్తాడు. నేను ఏటా మర్చిపోతాను.

నా పేరు డీనీ. బ్రుక్‌హోవ్ అనే ఈ పల్లెలో సబ్బులు, దగ్గుమందు, పళ్ళ బ్రష్షులు, క్రీములు దొరికే దుకాణం ఒక్కటే, అందులో బల్ల వెనక ఉండేదాన్ని నేనే. అరవై ఆరేళ్ళు. ఇంకో ఏడాదికి పింఛను వస్తుంది, అప్పటికి ఈ ఊరి ఆడవాళ్ళ నుదుటి గీతలన్నీ నాకు కంఠతా వచ్చేసి ఉంటాయి.

ఫిబ్రవరిలో ఒక గురువారం మార్లూస్ వచ్చింది. పోయిన మా అక్క కూతురు. సైకిల్ బయట పడేసి, తాళం కూడా వెయ్యకుండా లోపలికొచ్చి బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. గుడ్డు నిలబెట్టుకునే గిన్నె అంత ఉంది.

"పిన్నీ, ఇది మంచిదేనా చెప్పు."

కళ్ళజోడు పెట్టుకున్నాను. సముద్రం అడుగు నాచు అని రాసి ఉంది, బంగారం అని రాసి ఉంది. నూట అరవై ఐదు యూరోలు అని కూడా రాసి ఉంది, అది మాత్రం చిన్న అక్షరాలతో.

"ఎవరు అంటగట్టారే నీకు?"

"పట్నంలో. ఆ అమ్మాయి నా మొహాన్ని మెషిన్‌లో పెట్టి చూసింది. నా చర్మానికి యాభై ఎనిమిదేళ్ళట."

"మెషిన్ ఎవరిది? క్రీము అమ్మేవాడిదేగా! వాడి మెషిన్ నీకు ముప్పై అని చెప్తే వాడేం తిని బతుకుతాడు?"

వెనకవైపు రాసిన సరుకుల పట్టీ చదివాను. నీళ్ళు, గ్లిజరిన్, నూనె, మైనం, అత్తరు. నాచు, బంగారం అన్నిటికన్నా కిందన, చారులో ఇంగువ పాటి కూడా లేవు.

"సీలు విప్పలేదుగా? బతికించావు. ఇప్పుడే బస్సెక్కి పో, వెనక్కిచ్చేసి రా."

"పిన్నీ, నాకు అక్టోబరులో యాభై నిండుతాయి."

అప్పుడు నాకు అర్థమైంది, ఈ పిల్లను కరిచిన పురుగేదో.

మా వైపు ఎవరికైనా యాభై నిండితే ఊరు ఊరుకోదు. ఆడదైతే ఆ రోజు తెల్లారేసరికి ఇంటి ముందు సారమ్మ నిలబడి ఉంటుంది. గడ్డి కుక్కిన నిలువెత్తు ముసలమ్మ బొమ్మ. వంకర ముక్కు, దాని మీద పులిపిరి, బెలూన్లతో చేసిన రొమ్ములు నడుం దాకా వేలాడుతూ, మెడలో పేరు రాసిన అట్ట. పుట్టినరోజు మనిషి బయటికొచ్చి దాన్ని చూసి నవ్వాలి. నవ్వకపోతే ఏడాదిపాటు ఊరు నవ్వుతుంది. వయసు దాచుకుందామంటే కుదరదు. ఊళ్ళో ప్రతి ఇంటి మరుగుదొడ్లోనూ పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతుంది. కూర్చున్నవాళ్ళకి వేరే పనేముంది, నీ తారీఖే చదువుతారు.

ఆ బొమ్మ చెయ్యాల్సింది అన్నిటికన్నా దగ్గరి ఇంటివాళ్ళు. పుట్టినా, చచ్చినా, యాభై నిండినా ముందు తలుపు తట్టాల్సింది వాళ్ళే. మార్లూస్‌కి దగ్గరి ఇంటివాడు ఎవడో తెలుసా? ఫ్రేక్. దాని మాజీ మొగుడు.

నాలుగేళ్ళ కిందట ఎవెలీన్ అనే పిల్ల కోసం దీన్ని వదిలేశాడు. ఇల్లు దీనికొచ్చింది. పీడ విరగడైందనుకుంటే, ఆ మరుసటి చలికాలం ఫ్రేక్ వాళ్ళమ్మ పోయింది, వాడు ఎవెలీన్‌ని వెంటేసుకుని ఆవిడ ఇంట్లో దిగాడు. రోడ్డుకి సరిగ్గా అవతలిపక్క. మా ఊరి ఆచారం గుమ్మాలు లెక్కపెడుతుందిగానీ కాపురాలు లెక్కపెట్టదు. అందుకని మాజీ పెళ్ళానికి ముసలి బొమ్మ కట్టిపెట్టే హక్కు మాజీ మొగుడికే దఖలైంది.

"బొమ్మని ఆపలేను పిన్నీ, తెలుసు నాకు," అంది మార్లూస్. "ఫ్రేక్ కడతాడు, ఎవెలీన్ పక్కన నిలబడి మేకులు అందిస్తుంది. ఊరంతా వచ్చి ముందు బొమ్మని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. అప్పుడు ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, 'అసలు పోలికే లేదే!' అనాలి. ఫ్రేక్ చెవిన పడాలి ఆ మాట. ఇంకేం అక్కర్లేదు నాకు."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ వెధవ చెవి కోసం ఇది మొహం తోముకుంటానంటోంది. "రాయాల్సింది నీ మొహానికి కాదే, నీ బుర్రకి," అన్నాను. కానీ దాని కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి, ఇక తిట్టబుద్ధి కాలేదు.

"సరే. ఎనిమిది నెలలుంది. నేను చెప్పింది చేస్తావా? చెప్పింది మాత్రమే చేస్తావా?"

"చేస్తాను."

ఎవరూ చెయ్యరు. అయినా చెప్పాను.

కింది అరలోకి వంగాను. మా దుకాణంలో పనికొచ్చేవన్నీ కింది అరలోనే ఉంటాయి, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి దొరకవు. నాలుగు తీసి బల్ల మీద పెట్టాను. వాసన లేని మొహం కడుక్కునే జెల్. గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్, డబ్బా మీద బొమ్మ కూడా లేదు. సన్‌స్క్రీన్, యాభై నంబరుది. నాలుగోది రెటినాల్, ముడతలకి రాసే మందు, అన్నిటికన్నా తక్కువ మోతాదుది. మొత్తం కలిపితే ముప్పై యూరోలు దాటలేదు.

"రాత్రి జెల్‌తో కడుక్కో, క్రీము రాసుకో. పొద్దున్న వట్టి నీళ్ళు చాలు, మళ్ళీ క్రీము, దాని మీద సన్‌స్క్రీన్. వానైనా, మబ్బైనా, ఇంట్లోనే ఉన్నా సరే. ఈ నాలుగోది నెల తర్వాత మొదలుపెట్టు. వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత. మూడు నెలల దాకా అద్దంలో ఏమీ వెతక్కు."

మార్లూస్ ట్యూబులను అటూ ఇటూ తిప్పింది. "ఇంత చవగ్గా ఉన్నాయి. పనిచేస్తాయా?"

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక టీ పొట్లంతో రెండు కప్పులు లాగే జనం మేం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే తుఫానులో కూడా సైకిలు తొక్కుకుంటూ వస్తాం. అలాంటి మాకే మొహం దగ్గరికొచ్చేసరికి చవకంటే నమ్మకం పోతుంది. జేబుకి చిల్లు పడితేగానీ ముడత పోదని ఎవరు చెప్పారో!

"పనిచెయ్యకపోతే డబ్బులు నేనిస్తాను. పో," అన్నాను.

మార్చి అంతా బుద్ధిగా ఉంది. ఏప్రిల్ మూడో వారంలో మళ్ళీ వచ్చింది, మెడకి చుట్టుకునే ఉన్ని గుడ్డ కళ్ళ దాకా కప్పుకుని. బయట అంత ఎండగా ఉంటే ఇదేం వేషమని గుడ్డ కిందికి లాగాను. అమ్మో! ఉడికిన బంగాళాదుంప తొక్క లేచినట్టు బుగ్గలూ గడ్డమూ లేచిపోయి ఉన్నాయి. ముక్కు ఎర్రగా, కళ్ళ కింద వాపు.

"నువ్విచ్చిన క్రీమే పిన్నీ! యాభై ఎనిమిది కాదు, డెబ్బై ఎనిమిదిలా ఉన్నాను!"

"అరవకు. రెటినాల్ వారానికి ఎన్నిసార్లు రాశావు?"

నేల చూపులు చూసింది.

"ఎన్నిసార్లే?"

"రోజూ."

"నేనేం చెప్పాను?"

"ట్యూబు మీద రాసుందిగా, తెరిచాక ఆరు నెలల్లో వాడెయ్యాలని! వారానికి రెండుసార్లంటే ఆరు నెలల్లో సగం కూడా అవ్వదు. మిగతాది పారెయ్యాలి. మంచి క్రీము పారబొయ్యనా?"

పది యూరోల ట్యూబులో ఐదు యూరోల సరుకు వృథా అవుతుందని మొహం తగలబెట్టుకుంది మహాతల్లి. మా నేల మీద పుట్టిన బుద్ధే అది, ఇంకెక్కడా దొరకదు.

"అదొక్కటేనా, ఇంకేమన్నా ఘనకార్యం చేశావా?"

చేసింది. పోయిన ఆదివారం ఆ ఏడాది మొదటి మంచి ఎండ కాసింది. ఊరు ఊరంతా కుర్చీలు బయటేసుకుని, కళ్ళు మూసుకుని, మొహాలు పైకెత్తి పడుకున్నారు. ఇదీ పడుకుంది. నాలుగు గంటలు. సన్‌స్క్రీన్ లేకుండా.

"ఆరు నెలల తర్వాత ఎండొచ్చింది పిన్నీ! ఊరికే వచ్చిన ఎండ! దాన్ని ఆపడానికి డబ్బులు పెట్టి కొన్న క్రీము రాసుకోవడమేంటి, పాపం తగలదూ?"

"తగిలింది. నీ ముక్కు మీదే తగిలింది. అద్దంలో చూసుకో."

మూడు వారాలు అన్నీ ఆపించాను. వట్టి నీళ్ళు, వట్టి క్రీము. మే నెలలో మళ్ళీ మొదటినుంచి. ఈసారి రెటినాల్ ట్యూబు నా దగ్గరే పెట్టుకున్నాను. మంగళవారం, శుక్రవారం సాయంత్రం దుకాణం కట్టేసే ముందు వచ్చి, నా ఎదురుగా వేలి మీద బఠాణీ గింజంత పిండించుకుని, గాజుగిన్నెలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళేది. ఒకరోజు బెరెండ్ అది చూశాడు. బెరెండ్ మార్లూస్ వీధి చివరింటాయన, డెబ్బై రెండేళ్ళు, మనసులో మాట నోట్లో ఆపుకునే అలవాటు పుట్టుకతోనే లేదు.

"ఏంటది, పవిత్ర తైలమా?" అన్నాడు.

"ముసలాళ్ళ నోరు మూయించే మందు. నీక్కూడా కావాలా?" అన్నాను.

సన్‌స్క్రీన్ దగ్గర ఇంకో యుద్ధం. రెండు వేళ్ళ పొడుగునా పిండి రాయాలి అంటే, మొహాన్ని ఏదో దూరం నుంచి పలకరించినట్టు చుక్క పెట్టేది. ట్యూబు అయిపోతే ఊరుకునేది కాదు. పెరుగు సీసా అడుగు గీకే పొడుగు గరిటె ఉంటుందే, ట్యూబు మూతి కోసి, దాన్ని లోపల దూర్చి గీకేది. ఆ గరిటెతోనే మళ్ళీ పెరుగు గీకి వడ్డించింది ఒక ఆదివారం. "పెరుగు సన్‌స్క్రీన్ వాసనేస్తోందే," అంటే, "ఎండ తగలదులే," అంది. అప్పుడు మాత్రం ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఎవెలీన్ గురించి చెప్పాలి. ఆ పిల్ల నా దుకాణానికి నెలకి రెండుసార్లు వచ్చేది. ముప్పై ఆరేళ్ళు. మొహం అద్దంలా ఉండేది, చూస్తే జాలేసేది. పొద్దున ఆరు సీసాలు, రాత్రి ఐదు. వరస తప్పకూడదని ఫోనులో రాసుకుంది.

"కళ్ళ కింద రాసుకునేది ఉందా, డీనీగారూ? ఇక్కడ గీత కనపడుతోంది."

"నవ్వినప్పుడా, నవ్వకముందా?"

"నవ్వినప్పుడు."

"మరి నవ్వకు. ఖర్చు లేని వైద్యం."

నవ్వలేదు. నిజంగానే ఆలోచిస్తోంది. కంటి క్రీమంటే మొహం క్రీమే, డబ్బా చిన్నది, ధర పెద్దది అని చెప్పినా వినకుండా కొనుక్కుపోయింది. నాకు దాని మీద కోపముండేది, నా అక్క కూతురి కాపురం కూల్చిందని. కానీ ముప్పై ఆరేళ్ళకే అంత భయం మొహంలో పెట్టుకుని తిరిగేదాన్ని తిట్టడానికి నోరు రాలేదు.

సెప్టెంబరుకి మార్లూస్ మొహం కుదుటపడింది. అద్భుతమేమీ జరగలేదు, జరిగిందని చెప్పేవాడు అబద్ధాలకోరు. కళ్ళ పక్కన గీతలు గీతల్లాగే ఉన్నాయి, కాస్త లోతు తగ్గాయంతే. బుగ్గల మీద మచ్చలు పలచబడ్డాయి. మొత్తం మీద నలభై తొమ్మిదేళ్ళ మొహమే, కాకపోతే రాత్రి బాగా నిద్రపోయిన మొహం. బెరెండ్ చేపల బండి దగ్గర దాన్ని ఆపి, "ఎక్కడికన్నా సెలవు మీద వెళ్ళొచ్చావా?" అని అడిగాడట. మా ఊళ్ళో మగాడి నోట ఆడదాని అందం గురించి ఇంతకు మించిన మాట రాదు. అది చెప్పడానికి మార్లూస్ పరిగెత్తుకుంటూ దుకాణానికొచ్చింది, వరసలో నలుగురు నిలబడి ఉన్నా లెక్కచెయ్యకుండా.

"పిన్నీ, గెలుస్తాను! ఆ సారమ్మని గెలుస్తాను!"

అంతటితో నేను ఊరుకోవాల్సింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. నాకు పుట్టింది దురద. అంత కష్టపడింది కదా, ఆ వంకర ముక్కు, ఆ బెలూన్లు కూడా లేకుండా చేస్తే ఇంకా తేలిగ్గా గెలుస్తుంది కదా అనుకుని, దానికి చెప్పకుండా ఫ్రేక్ ఇంటికి వెళ్ళాను. షెడ్డులో సైకిలు చక్రానికి అతుకేస్తున్నాడు. ఎవెలీన్ గుమ్మంలో నిలబడి ఉంది, నీడలోనే, టోపీ పెట్టుకుని.

"చూడు ఫ్రేక్, ఆ ముసలి మొహం బొమ్మ వద్దు. దానికి నచ్చదు."

"ఆచారం అత్తయ్యా. నేను పెట్టకపోతే వీధివాళ్ళు నన్ను తిడతారు."

"పెట్టొద్దనలేదు. కాస్త మర్యాదగా పెట్టమన్నాను. నువ్వు చేసినవాటికి అదైనా చెయ్యి."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఎవెలీనే అందుకుంది. "నిజమే, ఫ్రేక్. ఆ పులిపిర్లు, ఆ రొమ్ములు చూస్తే నాకే ఏడుపొస్తుంది. అందంగా చేద్దాం. నాకొక ఆలోచన వచ్చింది."

"ఏంటది?" అన్నాను.

"అప్పుడే చెప్పేస్తే ఎలా?"

మంచిపిల్లే అనుకుంటూ ఇంటికొచ్చాను. దారిపొడుగునా నన్ను నేను మెచ్చుకుంటూ వచ్చాను కూడా. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పుట్టినరోజు శనివారం పడింది. పది గంటలకి ఆపిల్ కేకు పట్టుకుని వెళ్ళాను. సైకిలు దిగుతూనే చూశాను.

గడ్డి బొమ్మే. మార్లూస్ పాత ఆకుపచ్చ వానకోటు తొడిగారు, కాపురం విడిపోయినప్పుడు ఫ్రేక్ సామానులో కలిసిపోయిందది. మెడలో అట్ట: సారమ్మ, యాభై. ముక్కు లేదు, పులిపిరి లేదు, బెలూన్లు లేవు. తల ఉండాల్సిన చోట కాఫీ పళ్ళెమంత ఫొటో. మార్లూస్ ఫొటో. తడి జుట్టు, వెనక సముద్రం, నోరంతా తెరిచి నవ్వుతోంది. గీత లేదు, మచ్చ లేదు. ఎంత బాగుందంటే, నాకే దాని పక్కన నిలబడాలంటే సిగ్గేసింది.

మార్లూస్ గుమ్మంలో నిలబడి ఉంది. నీలం గౌను వేసుకుంది, జుట్టు దువ్వుకుంది. ఎనిమిది నెలలు తోమి, రాసి, కాపాడుకున్న మొహం పెట్టుకుని ఆ ఫొటోని చూస్తోంది. ముసలిదానితో కుస్తీకి తయారైతే ఎదురుగా తనే వచ్చి నిలబడింది, సగం వయసు వేసుకుని. నవ్వాలా ఏడవాలా అని నేను తేల్చుకునేలోపే అది నవ్వింది. నవ్వాలిగా, ఆచారం. పెదాలు మాత్రమే కదిలాయి.

వీధివాళ్ళు వరసగా వచ్చారు. "అబ్బ, ఎంత అందంగా ఉండేదానివే!" అంది ఒకావిడ. "నిజంగా నువ్వేనా ఇది?" అంది ఇంకొకావిడ. ఉండేదానివే, ఉండేదానివే, ప్రతివాళ్ళూ అదే మాట. ఆఖర్న బెరెండ్ వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఫొటో చూశాడు, మార్లూస్‌ని చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"అసలు పోలికే లేదే!" అన్నాడు.

ఫ్రేక్ పక్కనే ఉన్నాడు. విన్నాడు.

ఆ ముసలాణ్ణి అక్కడే గొయ్యి తీసి పాతాలనిపించింది. ఏం లాభం? ఫ్రేక్ గుమ్మం తొక్కి ఈ కొరివి తెచ్చి దాని నెత్తిన పెట్టింది నేనే.

లోపల కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అందరితో చేతులు కలుపుతూ, పుట్టినరోజు మనిషికే కాక అందరికీ అభినందనలు చెప్పుకుంటూ కూర్చున్నారు. "మీ పిన్నికూతురికి యాభై నిండినందుకు అభినందనలు", "మీ అక్కకూతురికి నిండినందుకు అభినందనలు". ఫ్రేక్ దగ్గరికొచ్చేసరికి వరస ఏమనాలో తెలియక బెరెండ్ ఒక క్షణం ఆగి, "మీ పొరుగింటావిడకి నిండినందుకు," అన్నాడు. ఫ్రేక్, "చాలా సంతోషం," అన్నాడు. కాఫీ వచ్చింది. మనిషికొక కేకు ముక్క వచ్చింది.

ఎవెలీన్ తన కేకు ముట్టుకోలేదు. కానీ మొహం వెలిగిపోతోంది.

"ఫొటో నేనే వెతికాను, మార్లూస్. ఫ్రేక్ పెట్టెలో దొరికింది. ముసలి బొమ్మ అయితే నీకు బాధగా ఉంటుందని... నచ్చిందా?"

"నచ్చింది," అంది మార్లూస్.

"ఎంత ముద్దుగా ఉన్నావో! అప్పుడు ఎన్నేళ్ళు నీకు? ఇరవై అయిదు ఉంటాయా?"

మార్లూస్ కప్పు కింద పెట్టింది. కిటికీలోంచి కనపడుతున్న ఆ ఫొటో వంక చూసింది. తర్వాత మామూలుగా, బజారులో ఉల్లిపాయల గురించి చెప్పినట్టు చెప్పింది.

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరా? నా వయసేనా?" అంది ఎవెలీన్. "నీ మొహంలో ఒక్క గీత కూడా లేదు!"

"లేదు కదా? నేనూ అదే చూస్తున్నాను పొద్దుట్నుంచీ. ఒక్క గీత లేదు. దీవిలో గుడారం వేసుకున్నాం ఆ ఏడు, జూలైలో. ఈత కొట్టి వస్తుంటే ఫ్రేకే తీశాడు ఆ ఫొటో. తీసి, బుగ్గ మీద ముద్దుపెట్టి, పాలు తెస్తానని సైకిలెక్కాడు."

"మార్లూస్," అన్నాడు ఫ్రేక్.

"గుడారాల దగ్గర చిన్న కొట్టుండేది. అక్కడ పాలమ్మే పిల్ల ఉండేది, మచ్చల మొహం, ముందు పళ్ళు ఎత్తు. రెండు గంటల తర్వాత పాలు వచ్చాయి, ఎండకి వేడెక్కిపోయి. ఆ వారంలో మా ఇద్దరం తాగలేనన్ని పాలు వచ్చాయి. అంతా అయ్యాక నాకు వాడే చెప్పాడు, ఏడ్చాడు, నేను క్షమించాను."

గుండ్రంగా కూర్చున్న పద్నాలుగు మందీ కేకు ముక్కల్లోకి చూస్తున్నారు.

"పుట్టినరోజు పూట ఇవన్నీ ఎందుకు, మార్లూస్?" అన్నాడు ఫ్రేక్.

"నేనా తెచ్చాను? నా మొహాన్ని తెచ్చి నా ఇంటి ముందు నిలబెట్టింది నువ్వు. మరి అది మాట్లాడదా?" అంది. "నాలుగేళ్ళుగా అద్దం ముందు నిలబడి ఈ మొహాన్ని తిట్టుకుంటున్నాను, ఫ్రేక్. ఇదే చేసింది తప్పంతా అనుకున్నాను. దీన్ని బాగుచేద్దామని మా పిన్ని ప్రాణం తీశాను. ఆ బయట ఉన్నదాని మొహానికేం తక్కువైందని పాలకి వెళ్ళావురా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బెరెండ్ ముక్కు చీదుకున్నాడు. ఎవెలీన్ చెయ్యి తన బుగ్గ మీదకి పోయింది, అక్కడే ఉండిపోయింది. ఆ పిల్ల ఫ్రేక్ వైపు తిరిగి, "పాలమ్మాయి సంగతి నాకు చెప్పలేదేం?" అని చిన్నగా అడిగింది. వాడు కాఫీ తాగాడు. ఖాళీ కప్పు తాగాడు, పాపం.

మార్లూస్ లేచింది. ఇంకో కేకు ముక్క తెచ్చి ఎవెలీన్ ముట్టని ముక్క పక్కన పెట్టింది. మా ఇళ్ళల్లో రెండో ముక్క ఎవరూ పెట్టరు, ఎవరూ అడగరు.

"తిను," అంది. "బాగా తిను. మొహానికి ఏం రాసుకున్నా పరవాలేదు, మా పిన్ని చవకలో ఇస్తుంది. కానీ వాడి కోసం రాసుకోకు."

ఎవెలీన్ తినలేదు. కోటు తీసుకుని వెళ్ళిపోయింది, టోపీ మర్చిపోయి, మంచి ఎండలో.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ మార్లూస్‌కి చెప్పాను, ఫ్రేక్ దగ్గరికి వెళ్ళి మొత్తం కంపు చేసింది నేనేనని. నన్ను బండబూతులు తిడుతుందనుకున్నాను. తడి చేతులతో నన్ను కౌగిలించుకుని, "నీ దురద మంచిదే పిన్నీ," అంది. "లేకపోతే చచ్చేదాకా నేను ఆ వెధవ సారమ్మతోనే పోటీపడుతుండేదాన్ని."

ఆచారం ప్రకారం బొమ్మ వారం రోజులు నిలబడింది. తీసెయ్యమని వీధివాళ్ళు అన్నారుగానీ మార్లూస్ ఒప్పుకోలేదు. రోడ్డు అవతల ఇంటి కిటికీలోంచి పొద్దున్న లేస్తే కనపడేది అదే. అయిదో రోజున ఎవెలీన్ వాళ్ళమ్మ కారు వచ్చింది, రెండు పెట్టెలు, సీసాల సంచీ ఎక్కించుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకి తిరిగొస్తుందని కొందరు, రాదని కొందరు. నన్నడిగితే నాకేం తెలుసు?

తర్వాతి శనివారం బొమ్మ విప్పడానికి ఫ్రేక్ ఒక్కడే వచ్చాడు. విప్పాల్సింది కూడా దగ్గరి ఇంటివాడే. వాన పడుతోంది. మేకులు పీకాడు, గడ్డి బస్తాలో కుక్కాడు, ఫొటో ఏం చెయ్యాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మార్లూస్ తలుపు తీసింది, ఫొటో తీసుకుంది, వానకోటు తీసుకుంది. నేను లోపల స్టవ్ దగ్గరే ఉన్నాను, కూజా నిండా కాఫీ ఉంది, వాసన గుమ్మం దాకా పోతోంది. వాడు రెండు క్షణాలు ఆగి, కాళ్ళు తుడుచుకున్నాడు.

మార్లూస్ కాఫీ తాగుతావా అని అడగలేదు. తలుపేసింది.